పువ్వే పండైన చెట్టు

ఒక పండ్ల చెట్టును ఊహించుకుని దాని గుణాలు రాయమని బడిపిల్లలకు చెప్పండి. ఎవరో ఒకరు ఇలా రాస్తారు: దానికి నీళ్లు పోయక్కర్లేదు, ఎరువు వేయక్కర్లేదు, ఎక్కి కోయక్కర్లేదు. రాత్రి పడుకుని పొద్దున లేచేసరికి తియ్యటి తునకలు నేల మీద రాలి ఉంటాయి. ఎండబెడితే నెలల తరబడి నిలవుంటాయి. ఇంట్లో గింజలు నిండుకునే ఎండాకాలంలోనే అవి రాలతాయి. వానలు పడేనాటికి అదే చెట్టు నూనెగింజలు కూడా ఇస్తుంది. టీచరు చదివి, ఊహ బాగుందని మెచ్చుకుంటారు.

అలాంటి చెట్టు ఉంది. ఖమ్మం నుంచి ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా కొత్తగూడెం వైపు, అక్కడి నుంచి భద్రాచలం వైపు వెళ్తుంటే పొలాలు పలచబడి అడవి మొదలవుతుంది. ఆ సరిహద్దులో, పోడు చేల నడుమా గట్ల మీదా, గొడుగు విప్పినట్టు గుబురుగా నిలబడి ఉండేది అదే. పేరు ఇప్ప. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఆ దారిన పోయేవాళ్లు గూడేల ముందు ఆరబోసిన గోధుమరంగు కుప్పలు చూసి అడుగుతారు: ఇవి పండ్లా, పూలా? పూలైతే ఇంత తియ్యగా ఎందుకున్నాయి? ఇంత తీపిని నేలపాలు చేస్తే చెట్టుకేం లాభం?

చివరి ప్రశ్నే అసలు ప్రశ్న. చెట్టు ఎవరి మీదా దయతో ఏదీ ఇవ్వదు. ఇప్ప ఇచ్చే ప్రతిదాని వెనకా దాని సొంత పని ఒకటి ఉంటుంది. ఆ పనులేమిటో తెలిస్తే ఈ చెట్టు దగ్గర మనం ఎంత తీసుకోవచ్చో, ఎక్కడ చెయ్యి ఆపాలో కూడా తెలుస్తుంది.

ఇప్ప చుట్టాలు

ఇప్ప లేతకొమ్మ తుంచితే పాలు కారతాయి. సపోటా కాయ తుంచినా అంతే. రెండూ ఒకే కుటుంబం. మాలలకు వాడే పొగడ, వేసవిలో చిన్న పసుపు పండ్లు కాసే పాల చెట్టు కూడా ఆ కుటుంబానివే. సపోటా గింజనూ ఇప్ప గింజనూ పక్కపక్కన పెడితే ఆ గోధుమరంగు నునుపే చుట్టరికం చెప్పేస్తుంది. తేడా ఏమిటంటే, సపోటా మధ్య అమెరికా నుంచి వచ్చింది, ఇప్ప ఈ నేలదే.

శాస్త్రంలో దీన్ని మధూకా లాంగిఫోలియా అంటారు. మన అడవుల్లోది అందులో వెడల్పాటి ఆకుల రకం. దీని గురించి శాస్త్రీయంగా రాసిన తొలి వాళ్లలో ఒకరు తెలుగు నేల మీదే పనిచేశారు. ఈస్టిండియా కంపెనీ వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్ సామర్లకోటలో ఉండి, స్థానిక చిత్రకారుల చేత మొక్కల బొమ్మలు గీయించాడు. కోరమాండల్ తీరపు మొక్కల మీద ఆయన గ్రంథం 1795లో వెలువడడం మొదలైంది. ఆ మొదటి సంపుటంలోనే ఇప్పకు బాసియా లాటిఫోలియా అని పేరు పెట్టాడు. పేరు తర్వాత మారింది గానీ, లాటిఫోలియా అన్న తోకపేరు మన రకానికి ఇప్పటికీ నిలిచి ఉంది.

ఆకు రాల్చాకే పూత

మాఘం దాటగానే ఇప్ప ఆకు రాల్చడం మొదలుపెడుతుంది. కొమ్మలు బోడిగా మిగిలాక వాటి చివర్లలో మొగ్గల గుత్తులు దిగుతాయి. భద్రాచలంలో శ్రీరామనవమి కల్యాణం జరిగే రోజుల్లో చుట్టుపక్కల అడవిలో ఇప్పపూత జోరు మీద ఉంటుంది. నేల నెర్రెలు విచ్చే కాలం అది. మరో నెల గడిస్తే కొత్తగూడెం, భద్రాచలం ప్రాంతంలో ఎండ 45 డిగ్రీలు తాకుతుంది. అలాంటి కాలంలో, ఒంటి మీద ఆకే లేని చెట్టుకు అన్ని పూలు నింపే నీళ్లెక్కడివి? చక్కెర ఎక్కడిది?

ముందు నీళ్ల సంగతి. చెట్టు వేళ్లతో తాగే నీటిలో చాలా భాగం ఆకుల మీది సన్నటి గాలిరంధ్రాల గుండా ఆవిరైపోతుంది. వీటిని స్టొమేటా అంటారు. ఆకులు రాల్చడమంటే ఆ దారులన్నీ ఒక్కసారిగా మూసేయడం. ఇప్ప వేరు లోతుగా దిగుతుంది. పైన నేల ఎండినా లోపలి తడి కొద్దికొద్దిగా అందుతూనే ఉంటుంది. ఖర్చు ఆగిపోయింది, రాబడి కొంచెమైనా ఉంది, కాబట్టి మానులో నీరు మళ్లీ నిండుతుంది. ఆ నీటితోనే మొగ్గ ఉబ్బుతుంది. మోదుగ, బూరుగ కూడా ఆకు రాల్చాకే విరగబూసేది ఈ వెసులుబాటుతోనే.

ఇక చక్కెర. దాన్ని తయారుచేసింది ఈ వేసవి ఎండ కాదు, పోయిన వానాకాలపు ఎండ. జూన్ నుంచి చలికాలం దాకా ఆకులు చేసిన చక్కెరలో చెట్టు కొంత వాడుకుని, మిగిలింది పిండిపదార్థంగా మార్చి మానులో, కొమ్మల్లో దాచుకుంటుంది. పూతకాలంలో ఆ పిండి మళ్లీ చక్కెరై మొగ్గల్లోకి చేరుతుంది. కాబట్టి ఈ ఏటి పూత పోయిన ఏటి ఆకు మీద ఆధారపడి ఉంటుంది. ఒక ఏడు విరగబూసి మరుసటి ఏడు చెట్టు నీరసించడం ఇప్పలో మామూలే. నిల్వంతా ఒక పూతకే ఖర్చయితే మళ్లీ కూడబెట్టుకోవడానికి సమయం కావాలి కదా.

పూత ఉండగానే, లేదా అయిపోతుండగా, రాగిరంగు లేతాకు పుడుతుంది. ఆ రంగు ఆంథోసయనిన్ అనే పదార్థానిది. పత్రహరితం ఇంకా కుదురుకోని లేతాకుకు అది ఎండ నుంచి కొంత కాపు.

అరచేతిలో ఇప్పపువ్వు

రాలిన పువ్వు ఒకటి తీసి అరచేతిలో పెట్టుకుని చూడండి. గోలీకాయంత ఉంటుంది. మీగడ రంగు. వేలితో నొక్కితే పూరేకులా నలగదు, కండగా మెత్తగా అణిగి, జిగటగా రసం ఊరుతుంది. విడివిడి రేకులు కనబడవు. అన్నీ అంటుకుపోయి ఒక చిన్న బుడ్డిలా తయారయ్యాయి. ఆ బుడ్డికి రెండు వైపులా రంధ్రాలున్నాయి. కావాలంటే దారం ఎక్కించి పూసల్లా గుచ్చవచ్చు. చీల్చి చూస్తే లోపలి గోడకు కేసరాలు వరసలు కట్టి అంటుకుని ఉంటాయి. సన్నగా, మొనదేలి, నూగుతో ఉంటాయి. వండే ముందు ఎండుపువ్వును నలిచి చెరిగేది వీటిని వదిలించడానికే. నోట్లో వేసుకుంటే ముందు తీపి, ఆ వెనకే ఒక ఘాటైన వాసన ముక్కుకు తగులుతుంది. అలవాటు లేనివాళ్లు మొహం చిట్లిస్తారు.

ఇప్పుడు ఈ పువ్వులో ఏమేం లేవో చూడండి. అడుగున ఉండాల్సిన రక్షకపత్రాలు లేవు. నడుమ ఉండాల్సిన అండాశయం, అంటే కాయగా మారే భాగం, లేదు. అవి ఎక్కడున్నాయో తెలియాలంటే తలెత్తి కొమ్మను చూడాలి. తుప్పురంగు మఖమల్ లాంటి చిన్న గిన్నెలు గుత్తులుగా వేలాడుతూ, ఒక్కో గిన్నెలోంచి ఒక్కో సన్నటి దారం బయటికి పొడుచుకుని ఉంటుంది. ఆ గిన్నె రక్షకపత్రాలది. ఆ దారం కీలం, దాని మొదట్లో అండాశయం భద్రంగా ఉంది. పువ్వులో ఉన్న రెండు రంధ్రాల్లో ఒకటి అది గిన్నెకు అతుక్కున్న చోటు, రెండోది ఈ కీలం బయటికి వచ్చిన దారి.

అంటే మనం ఏరుకునేది మొత్తం పువ్వు కాదు. రేకుల బుడ్డీ, దానికి అంటుకున్న మగభాగమూ మాత్రమే. కాయ కాసే భాగం చెట్టు మీదే ఉండిపోయింది. మామిడి పూత రాలితే రైతు గుండె గుభేలుమంటుంది. ఇప్పపూత రాలితే కాయకు వచ్చిన నష్టమేమీ లేదు. రాలిన పువ్వు ఎంత ఏరుకున్నా కాపు తగ్గకపోవడానికి కారణం ఇదే.

పువ్వు ఎందుకు తీపెక్కింది?

పుప్పొడి ఒక చెట్టు నుంచి మరో చెట్టుకు చేరాలి. చెట్టు కదలలేదు కాబట్టి కూలికి మనుషులను పెట్టుకున్నట్టు జంతువులను పెట్టుకుంటుంది. ఈ కూలి లెక్క కొంచెం వివరంగా చూద్దాం. పాతకాలంలో కోతకు వచ్చినవాళ్లకు కల్లం దగ్గరే కుంచంతో గింజలు కొలిచి ఇచ్చేవారు. చాలా పువ్వులు చేసేదీ అదే. రేకుల కుంచం అడుగున కాస్త తేనె పోసి ఉంచుతాయి. తేనెటీగ వచ్చి తాగుతుంది, ఒంటికి అంటిన పుప్పొడిని మోసుకుపోతుంది, కుంచం కుంచంగానే ఉండిపోతుంది. చిన్న కూలీకి చిన్న కొలత సరిపోతుంది. కానీ వచ్చే కూలీ కిలోకు అటూఇటూగా బరువుండి, రాత్రంతా ఎగిరే పెద్ద గబ్బిలమైతే? చుక్క తేనె దానికి ఏ మూలకు? అందుకని ఇప్ప కుంచాన్నే గింజగా మార్చేసింది. రేకులే కండపట్టి కూలి అయ్యాయి. కుంచంతో సహా పట్టుకుపొమ్మంటోంది. పోయినా దానికి బాధ లేదు, ఎందుకంటే కల్లంలోని అసలు పంట, అంటే అండాశయం, ఆ కుంచంలో లేదు.

గబ్బిలం గుత్తి దగ్గర వాలి, తియ్యటి బుడ్డిని నోటితో లాగేసుకుని, రసం పీల్చి పిప్పి ఉమ్మేస్తుంది. ఆ పెనుగులాటలో పుప్పొడి దాని మూతికీ మెడకూ అంటుకుంటుంది. మరో చెట్టు మీద వాలినప్పుడు అక్కడ పొడుచుకుని ఉన్న కీలాల కొసలకు ఆ పుప్పొడి రాసుకుంటుంది. ఇందులో ఇంకో ఏర్పాటు కూడా ఉంది. ఇప్పలో ఆడభాగం ముందు సిద్ధమవుతుంది. రేకుల బుడ్డి పూర్తిగా ఎదగకముందే కీలం బయటికి పొడుచుకొచ్చి పరాయి పుప్పొడి కోసం కాచుకుని ఉంటుంది. సొంత కేసరాలు పక్వమయ్యేది ఆ తర్వాతే. ఈ ఆడ-ముందు పద్ధతిని ప్రొటోజినీ అంటారు. ఒక పువ్వు తన పుప్పొడితోనే గర్భం దాల్చే అవకాశం దీనివల్ల తగ్గుతుంది.

పువ్వు రాత్రిపూటే ఎందుకు రాలుతుందో ఇప్పుడు అర్థమవుతుంది. గబ్బిలం రాత్రి జీవి. దాని కోసం తయారైన పువ్వుకు మెరిసే రంగు అక్కర్లేదు, చీకట్లో దారి చూపే ఘాటైన వాసన కావాలి. ఆకుల అడ్డం లేకుండా కొమ్మ చివర వేలాడుతూ ఉండాలి. ఇప్పపువ్వు సరిగ్గా అలాగే ఉంది. బుడ్డికీ గిన్నెకూ నడుమ కణాల వరస ఒకటి వదులవుతుంది. అబ్‌సిషన్ లేయర్ అనే ఈ రాలుపొర తెగాక, గబ్బిలం తీసుకోని పువ్వు దానంతటదే ఊడిపడుతుంది. తెల్లవారుజామున అడవిలో ఇప్ప కింద నిలబడితే ఆకుల మీద టప్ టప్‌మని చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. పొద్దెక్కేకొద్దీ అది పలచబడుతుంది. కోయ గూడేల ఆడవాళ్లూ పిల్లలూ తట్టలు పట్టుకుని కోడికూతకే బయలుదేరేది అందుకే. ఆలస్యమైతే పశువులూ జింకలూ మిగలనివ్వవు. మరీ ముందు వెళ్తే ఎలుగుబంటి ఎదురుపడవచ్చు.

ఎలుగుకు మత్తెక్కుతుందా?

ఎలుగుబంటి ఇప్పపువ్వు తిని తాగినట్టు తూలుతుందని చెప్పుకుంటారు. పచ్చిపువ్వులో మత్తు లేదు, ఉన్నది చక్కెర. మత్తుకు మూలం ఆల్కహాలు. దాన్ని తయారుచేసేది ఈస్ట్ అనే కంటికి కనబడని జీవి. అది చక్కెరను తిని ఆల్కహాలునూ గాలిబుడగలనూ వదులుతుంది. అందుకు తడీ, గంటల నుంచి రోజుల దాకా సమయమూ కావాలి. రాలిన పువ్వు తడినేల మీద పడి ఉంటే కొద్దిగా పులియవచ్చు గానీ, అంత పెద్ద జంతువును పడగొట్టేంత కాదు. 2022లో ఒడిశాలోని కియోంఝర్ అడవిలో కుండల్లో పులియబెట్టిన ఇప్ప నీళ్లు తాగి 24 ఏనుగులు పడి నిద్రపోయాయని గ్రామస్థులు చెప్పారు. అవి మత్తులోనే పడుకున్నాయని అటవీ సిబ్బంది తేల్చి చెప్పలేదు. ఏదేమైనా అక్కడ మాట చెట్టు కింది పువ్వు గురించి కాదు, మనుషులు పులియబెట్టిన కుండల గురించి.

ఎండిన పువ్వు సంగతి వేరు. తడి పోయాక దాని బరువులో సుమారు 60 నుంచి 70 శాతం చక్కెరలే. అంత చిక్కటి తీపిలో సూక్ష్మజీవి బతకలేదు. దాని ఒంట్లోని నీటిని చక్కెరే బయటికి లాగేస్తుంది. అందుకే కిస్మిస్‌లా ముడుచుకున్న ఇప్పపువ్వు తడి తగలకుండా కట్టి ఉంచితే నెలల తరబడి చెడదు. అదే పువ్వును నీళ్లలో నానేస్తే తీపి పలచబడి ఈస్ట్ మేలుకుంటుంది. పులిసిన నీటిని కాచినప్పుడు, 78 డిగ్రీలకే మరిగే ఆల్కహాలు నీటికంటే ముందు ఆవిరై గొట్టంలోకి ఎక్కుతుంది. బట్టీ పెట్టడమంటే ఇంతే.

సారా ఒక్కదాని పేరు మీదే ఈ పువ్వు ప్రభుత్వాల కంట్లో పడింది. 1892లో బొంబాయి ప్రెసిడెన్సీలో ఇప్పపువ్వు నిల్వలను అదుపు చేయడానికే విడిగా ఒక చట్టం చేశారు. అడవి మనుషులకు మాత్రం ఇది మొదట తిండి. ఉడికించి, వేయించి, జొన్నలతో కలిపి దంచి తినేవారు. పువ్వులో శక్తి ఉంది గానీ ప్రొటీన్ తక్కువ. జొన్న, పప్పు తోడైతే ఆ లోటు కొంత పూడుతుంది. ఆదిలాబాద్ వైపు ఉట్నూరులో ఆదివాసీ మహిళలు ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతున్నారు. 2006 అటవీ హక్కుల చట్టం కలప కాని అటవీ ఫలసాయం మీద ఆదివాసులకు యాజమాన్య హక్కు ఇచ్చింది. ఇప్పపువ్వూ ఇప్పగింజా అందులోవే.

వానతో వచ్చే రెండో పంట

పూత ముగిశాక కొమ్మ మీద మిగిలిన గిన్నెల్లో కాయలు ఎదుగుతాయి. జూన్, జూలై నాటికి పండుతాయి. పండినా పెద్దగా రంగు మారవు, ఆకుపచ్చ కాస్త పసుపుకు తిరుగుతుంది, అంతే. గుజ్జు తియ్యగా ఉంటుంది. లోపల ఒకటి నుంచి నాలుగు దాకా గింజలు. ఇక్కడ చెట్టుకు రెండో మోత పని ఉంది. ఈసారి మోయాల్సింది పుప్పొడిని కాదు, గింజను. గుజ్జు ఆ మోతకు ఇచ్చేది. గబ్బిలం పండును పట్టుకుపోయి వేరే చెట్టు మీద కూర్చుని తిని గింజను అక్కడ పడేస్తుంది.

గింజను మాత్రం నమలనివ్వకూడదు. అందుకే గుజ్జు తీపి, గింజ చేదు. చేదుకు కారణం సాపోనిన్లు అనే పదార్థాలు. నీళ్లలో కలిపితే కుంకుడు రసంలా నురగ వస్తుంది. గానుగ ఆడాక మిగిలే ఇప్పచెక్కలో ఇవి ఉండిపోతాయి. అవి చేప మొప్పల గుండా రక్తంలో చేరి ఎర్రకణాలను పగలగొడతాయి. చేపల చెరువుల్లో కొత్త పిల్లలను వదిలే ముందు పనికిరాని చేపలను తీసేయడానికి ఇప్పచెక్క చల్లేది ఇందుకే. ఆ చెక్కనే పొలానికి ఎరువుగానూ వేస్తారు.

పప్పు బరువులో దాదాపు సగం నూనె. అది మొలకకు చెట్టు కట్టిన సద్దిమూట. దాన్నే మనం గానుగలో పిండి దీపానికీ, వంటకూ, సబ్బుకూ వాడుకుంటున్నాం. చలికాలంలో ఈ నూనె వెన్నలా గడ్డకడుతుంది. కొబ్బరినూనె లాగే ఇందులోనూ సులువుగా పేరుకునే కొవ్వులు గణనీయంగా ఉండడమే కారణం.

లెక్క తేలనిది ఎక్కడ?

ఇప్ప గింజకు ఒక బలహీనత ఉంది. వడ్లూ కందులూ ఎండబెట్టి ఏడాది దాచినా మొలుస్తాయి. ఇప్ప గింజ ఆరిపోతే లోపలి మొలక చచ్చిపోతుంది. రాలిన కొద్ది వారాల్లోపే అది తడినేలలో పడాలి. చెట్టు క్యాలెండరంతా దీనికి కట్టుబడినట్టే ఉంటుంది. గింజ తొలకరికి రాలాలి. కాయ పండడానికి దాదాపు మూడు నెలలు కావాలి. కాబట్టి మార్చి, ఏప్రిల్‌లో పూయాలి. ఆ పూతకు నీళ్లు మిగలాలంటే ముందే ఆకు రాల్చాలి. మండుటెండల్లో అడవికి తిండి పెట్టే ఈ పూత, వెనక్కి లెక్కగడితే వాన ముహూర్తం నుంచి వచ్చిందే.

ఇప్పుడు మన వైపు లెక్క చూద్దాం. పువ్వు ఏరుకుంటే చెట్టుకు నష్టం లేదు, కాపుకూ లేదు. కానీ గింజలన్నీ ఏరేస్తే మొలిచేవి ఉండవు. పైగా పువ్వు సులువుగా కనబడడానికి చెట్టు కింది ఆకులకు నిప్పుపెట్టే అలవాటుంది. ఆ నిప్పు పోయిన ఏడు మొలిచిన పిల్లమొక్కలను కాల్చేస్తుంది, ఒక్కోసారి అడవిలోకీ పాకుతుంది. తప్పించుకున్న మొక్కను పశువు కొరుకుతుంది, లేదా నాగలి పెళ్లగిస్తుంది. పోడు కొట్టేటప్పుడు అన్ని చెట్లూ నరికినా ఇప్పను వదిలేయడం కోయల్లో పాత ఆచారం. అలా దక్కిన ముసలి చెట్లు చేలల్లో ఠీవిగా నిలబడి ఉన్నాయి, కానీ వాటి చుట్టూ మోకాలెత్తు పిల్ల కనబడడం అరుదు. చెట్టు దశాబ్దాలు బతుకుతుంది కాబట్టి ఈ లోటు ఒక తరం దాకా ఎవరి కంటా పడదు. పడేనాటికి ముసలివి ఒక్కొక్కటే కూలిపోతుంటాయి. అప్పుడు నాటిన మొక్క పూతకు రావడానికి ఎనిమిది నుంచి పదిహేనేళ్లు పడుతుంది.

చెయ్యాల్సింది పెద్ద పనేమీ కాదు. చెట్టు కింద నిప్పుకు బదులు చీపురో, వలో, పాత చీరో వాడితే పువ్వు మట్టి అంటకుండా దొరుకుతుంది, సంతలో ధరా మెరుగ్గా పలుకుతుంది. జూలైలో గింజలు ఏరేటప్పుడు బలమైనవి ఓ గుప్పెడు పక్కకు తీసి, ఎండబెట్టకుండా ఆ వారంలోనే గట్టు మీద గుంట తీసి పూడ్చాలి. మూడు నాలుగేళ్లు ముళ్లకంప చుట్టి పశువు మూతి నుంచి కాపాడాలి. పువ్వు విషయంలో ఇప్ప మనల్ని ఏమీ అడగలేదు. గింజ విషయంలో అడుగుతున్నది ఈ గుప్పెడే.